మంచు దేశంలో కోళ్ల గూడు: కిటికీ మూయాలా, తెరవాలా?

చలికాలపు రాత్రి మనం తలుపులు, కిటికీలు బిగించుకొని, దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాం. మరి నీళ్లు రాయిలా గడ్డకట్టే దేశంలో, పెరట్లో పది కోళ్లు పెంచుకొనే మనిషి తన కోళ్ల గూటిని రాత్రిపూట ఎలా ఉంచాలి? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: “కన్నాలన్నీ మూసేయాలి సార్, లోపల పెద్ద బల్బు వెలిగించాలి.” జాలిగుండె గల జవాబే. కాని ఆ మాట నమ్మి అలాగే చేస్తే తెల్లవారేసరికి కోళ్ల తురాయిలు నల్లబడి ఉండవచ్చు, అసలు గూడే కాలి బూడిదై ఉండవచ్చు. ఎందుకలా జరుగుతుందో భౌతికశాస్త్రం సాయంతో తెలుసుకొందాం. మీ ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠాలు చాలు.

ముందు ఒక చోటును ఎంచుకొందాం. కెనడా దేశానికి తూర్పున క్విబెక్ అనే రాష్ట్రం ఉంది. మాంట్రియల్ నగరం అందులోనిదే. అక్కడ నవంబరు చివర మొదలైన మంచు మార్చి దాకా నేలను వదలదు. జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీల సెంటీగ్రేడు మామూలు సంగతి. ఒక్కొక్కసారి మైనస్ 30 దాకా కూడా దిగుతుంది. డిసెంబరు చివరలో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. అలాంటి చోట కూడా జనం పెరటికోళ్లను పెంచుతున్నారు. అవి బతుకుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి.

కోడి దగ్గర ఉన్న దుప్పటి

కోడి శరీర ఉష్ణోగ్రత దాదాపు 41 డిగ్రీలు. మనకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువే. బయట మైనస్ 20 ఉంటే లోపలికీ బయటికీ 61 డిగ్రీల తేడా! ఇంత తేడాను తట్టుకొనే ఏర్పాటు ఈకల్లో ఉంది. పైకి కనిపించే గట్టి ఈకల కింద దూది పింజల వంటి మెత్తని నూగు ఈకలు ఉంటాయి. వాటి మధ్య గాలి చిక్కుకొని కదలకుండా నిలిచిపోతుంది. కదలని గాలి చాలా మంచి ఉష్ణబంధకం. అంటే కోడి కప్పుకొన్న దుప్పటి నిజానికి ఈకలు కాదు, ఈకలు పట్టి ఉంచిన గాలి. చలి వేసినప్పుడు కోడి ఒళ్లు ఉబ్బించి బంతిలా కూర్చోవడం మీరు చూసే ఉంటారు. దుప్పటిని మందం చేసుకోవడమే అది.

ఈ దుప్పటికి ఇద్దరు శత్రువులు. ఒకటి తడి. నీటి ఉష్ణవాహకత గాలి ఉష్ణవాహకత కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ. ఈకల మధ్య గాలి ఉండవలసిన చోట నీరు చేరితే దుప్పటి చిల్లులు పడినట్టే. రెండవది ఈదురుగాలి. అది ఈకలను లేపి, లోపల వెచ్చబడిన గాలిని ఎత్తుకుపోతుంది. గమనించండి, ఈ జాబితాలో ‘చలి’ లేదు. పొడిగా, గాలి విసురు తగలకుండా ఉన్న పెద్ద కోడికి సున్నాకు బాగా దిగువన ఉన్న చలి కూడా ప్రాణాంతకం కాదు. అది కాస్త ఎక్కువ తిండి తిని, ఎక్కువ వేడిని పుట్టించుకొంటుంది.

మరి ఈకలు లేని చోట్ల సంగతేమిటి? కాళ్లను చూడండి. శరీరం నుంచి వేడి రక్తం ధమనుల్లో కాళ్లకు దిగుతుంది. పాదాల నుంచి చల్లబడిన రక్తం సిరల్లో పైకి వస్తుంది. ఈ రెండు రకాల నాళాలూ పక్కపక్కనే ఆనుకొని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే ఇచ్చేస్తుంది. కాబట్టి పాదానికి చేరే రక్తం అప్పటికే చల్లబడి ఉంటుంది, పాదం నుంచి బయటికి పోయే వేడి తగ్గుతుంది. పాదం మరీ గడ్డకట్టకుండా సరిపోయేంత రక్తం మాత్రం అందుతూనే ఉంటుంది. రాత్రి పడుకొనేటప్పుడు కోడి పాదాల మీదికి కుదించుకొని కూర్చొని, రొమ్ము ఈకలతో వేళ్లను కప్పేస్తుంది. ముక్కును రెక్క కింద దూరుస్తుంది.

ఇక మిగిలినవి నెత్తి మీది ఎర్రని తురాయి, గొంతు కింద వేలాడే తమ్మెలు. ఎండాకాలం ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి ఇవి బాగా పనికి వస్తాయి. పలుచగా, వెడల్పుగా, రక్తనాళాలతో నిండి ఉంటాయి గదా! శీతకాలంలో అదే వాటికి చేటు. గడ్డకట్టే గాలిలో తేమ కూడా ఎక్కువగా ఉంటే తురాయి అంచుల్లో రక్తప్రసారం ఆగి, కణజాలంలో మంచు స్ఫటికాలు ఏర్పడి, ఆ భాగం చచ్చి నల్లబడుతుంది. దీన్నే మంచుకాటు అంటారు. పెద్ద తురాయి గల లెగ్‌హార్న్ పుంజులకు ఈ బెడద ఎక్కువ.

ఈ కష్టాన్ని చూసే క్విబెక్‌లోని ఓకా అనే ఊళ్లో, ఒక క్రైస్తవ మఠంలో ఉండే బ్రదర్ విల్ఫ్రిడ్ షాత్లాన్ అనే సన్యాసి 1908 ప్రాంతంలో ఒక కొత్త జాతి కోడిని తయారుచేయడం మొదలుపెట్టాడు. కార్నిష్, లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్, వయాండాట్, ప్లిమత్ రాక్ జాతులను వరుసగా సంకరం చేస్తూ పోయాడు. అంకురించిన లక్షణాల్లో ఆయన వెదికింది రెండే: చలికాలంలోనూ గుడ్లు పెట్టాలి, తురాయి, తమ్మెలు వీలైనంత చిన్నవిగా ఉండాలి. పదేళ్ల ఓపిక తర్వాత 1918లో దాన్ని జనానికి చూపించాడు. 1921లో అమెరికన్ కోళ్లజాతుల ప్రమాణ గ్రంథంలో దానికి చోటు దొరికింది. పేరు షాంటెక్లేర్. ఫ్రెంచి భాషలో ‘స్పష్టంగా పాడేది’ అని అర్థం వస్తుంది. దాని తురాయి నెత్తికి అంటిపెట్టుకొన్న చిన్న మెత్తలా ఉంటుంది. మంచుకాటుకు చిక్కే అంచులే లేవన్నమాట!

గూట్లో వాన కురిపించేది ఎవరు?

కోడి సంగతి తెలిసింది. ఇప్పుడు గూటిలోకి వెళ్దాం. తడి శత్రువు అన్నాం కదా, కప్పు గట్టిగా ఉన్న గూట్లోకి తడి ఎక్కడి నుంచి వస్తుంది? కోళ్ల నుంచే.

ఒక పెట్ట రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. గుడ్డుతో పాటు బయటికి పోయే నీరు 40 గ్రాములు మించదు. కోడికి చెమట పట్టదు, స్వేదగ్రంథులు లేవు. మూత్రం విడిగా పోదు. కాబట్టి మిగిలిన నీరంతా ఊపిరిలో ఆవిరిగానో, రెట్టలో తడిగానో గూటిలోకే వస్తుంది. పది కోళ్లంటే రోజుకు లీటరున్నర పైమాటే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పలక, బలపం తీయండి. గాలి ఎంత చల్లబడితే అంత తక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకొంటుందని మీకు తెలుసు. ఒక ఘనమీటరు సంతృప్త గాలిలో 20 డిగ్రీల వద్ద 17 గ్రాముల ఆవిరి ఉంటుంది. సున్నా డిగ్రీల వద్ద 4.8 గ్రాములు. మైనస్ 10 వద్ద సుమారు 2.3 గ్రాములు. మైనస్ 20 వద్ద సుమారు 1 గ్రాము మాత్రమే.

గూడు పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకొందాం. ఘనపరిమాణం 12 ఘనమీటర్లు. లోపల పది కోళ్లున్నాయి, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు. ఈ గూట్లోని గాలి మొత్తం కలిసి ఇముడ్చుకోగల ఆవిరి 12 × 4.8, అంటే దాదాపు 58 గ్రాములు. ఒక గుడ్డు బరువు! పద్నాలుగు గంటల రాత్రిలో కోళ్ల ఊపిరి నుంచి, రెట్ట నుంచి పావు లీటరు నీరు మాత్రమే ఆవిరిగా మారింది అనుకొన్నా, అది 250 గ్రాములు. గాలిలో పట్టేది 58. మిగతా 192 గ్రాములు ఎక్కడికి పోవాలి?

కన్నాలన్నీ మూసి ఉంటే ఇంకెక్కడికీ పోలేదు. చల్లని గోడల మీద, కప్పురేకు అడుగున సాంద్రీకరణం చెంది తెల్లని మంచు పొరగా పేరుకొంటుంది. పగలు కాస్త ఎండ తగలగానే అది కరిగి కోళ్ల వీపుల మీద, కింద పరిచిన పొట్టు మీద టపటపా రాలుతుంది. గూట్లో వాన! కోళ్లకు రాకూడనిదని మనం చెప్పుకొన్న తడి, మూసిన తలుపుల వెనుక వాటంతట అవే తయారుచేసుకొంటాయి.

ఇప్పుడు గాలి మారనిద్దాం. బయటి గాలి మైనస్ 10 డిగ్రీలు. అందులో ఆవిరి గరిష్ఠంగా 2.3 గ్రాములు. అది లోపలికి వచ్చి, కోళ్ల ఒంటి వేడికి సున్నా డిగ్రీలకు చేరితే 4.8 గ్రాములు మోయగలదు. అంటే ఒక్కొక్క ఘనమీటరు గాలి బయటికి వెళుతూ రెండున్నర గ్రాముల నీటిని ఎత్తుకుపోగలదు. 250 గ్రాములను మోయడానికి 100 ఘనమీటర్లు కావాలి. మన గూట్లోని గాలి రాత్రంతా కలిపి ఎనిమిది సార్లకు కొంచెం పైగా మారాలి. సుమారు గంటా నలభై నిమిషాలకు ఒకసారి. ఇదేమీ తుఫాను కాదు గదా! మెల్లగా, కోడి ఈక కూడా కదలకుండా జరిగిపోగల మార్పు.

“గాలితో పాటు వేడి కూడా పోతుంది కదా?” అని వెనక బెంచీ నుంచి ఎవరో అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అదీ లెక్క కడదాం. తిన్న తిండిలోని శక్తిని బట్టి చూస్తే ఒక కోడి సుమారు 10 వాట్ల హీటరుతో సమానం. పది కోళ్లు 100 వాట్లు. పద్నాలుగు గంటల్లో అవి విడుదల చేసే వేడి దాదాపు 5,040 కిలోజౌళ్లు. ఒక ఘనమీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.3 కిలోగ్రాములు, ఒక కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు ఒక కిలోజౌల్ చాలు. 100 ఘనమీటర్లను 10 డిగ్రీలు వేడిచేయాలంటే 1,300 కిలోజౌళ్లు. పావు లీటరు నీటిని ఆవిరి చేయడానికి మరో 600 పోయినా, 3,000 పైచిలుకు కిలోజౌళ్లు మిగిలే ఉన్నాయి. ఆ మిగిలినదే గోడల గుండా పోయే నష్టాన్ని పూడుస్తుంది. అందుకే గోడలకూ, ముఖ్యంగా కప్పుకూ, ఉష్ణబంధక పదార్థం వేయడం డబ్బు దండగ కాదు. కప్పు అడుగు భాగం వెచ్చగా ఉంటే అక్కడ మంచు పేరుకోదు. ఒంటిరేకు కప్పు కింద ఎంత గాలి వదిలినా కొంత కారుతూనే ఉంటుంది.

తెరిచిన ముఖం గల ఇల్లు

ఈ సంగతి కోళ్లు పెంచేవాళ్లకు తేలిగ్గా బోధపడలేదు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సంవత్సరాల్లో అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రపు వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, ముందువైపు గోడకు బదులు గుడ్డ తెర కట్టిన కోళ్ల ఇళ్లను పరీక్షించారు. పగలు తెర ఎత్తేవారు, గాలివానలప్పుడు, మరీ చలి రాత్రులప్పుడు దించేవారు. డాక్టర్ ప్రిన్స్ టి. వుడ్స్ అనే ఆయన మరొక అడుగు ముందుకు వేశాడు. దక్షిణపు గోడను చాలావరకు తెరిచే ఉంచి, ఇంటిని లోతుగా కట్టి, కోళ్లు పడుకొనే చోటును వెనక కొసన పెట్టాడు. ఆయన 1924లో ప్రచురించిన పుస్తకాన్ని పెరటికోళ్ల వాళ్లు ఇప్పటికీ వెదికి చదువుతుంటారు.

తెరిచిన గోడ నుంచి ఈదురుగాలి లోపలికి దూసుకు రాదా? ఇక్కడొక సరదా ప్రయోగం. ఖాళీ సీసాను బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టండి. మూతి లోపలి అంచున చిన్న కాగితపు ఉండ పెట్టండి. ఇప్పుడు ఎదురుగా గట్టిగా ఊదండి. ఉండ లోపలికి పోతుందనుకొంటారు. అది ఎగిరి మీ ముఖం మీదికే వస్తుంది! వెనక దారి లేని పాత్రలోకి గాలి నేరుగా దూరలేదు. లోపల ఉన్న గాలి మెత్తలా అడ్డుపడుతుంది. వుడ్స్ ఇంటిలో జరిగేది కూడా ఇలాంటిదే. మూడు గోడల్లో చిన్న బీట కూడా లేకుండా ఉంటేనే ఇది సాధ్యం. వెనక గోడలో ఒక్క పగులున్నా గాలికి దారి దొరికి, అది సరిగ్గా కోళ్ల మీదుగా వీస్తుంది. ఉత్తరార్ధగోళంలో శీతకాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కాబట్టి తెరిచిన దక్షిణ ముఖం నుంచి ఎండ గూటి లోతుదాకా వచ్చి పొట్టును ఆరబెడుతుంది కూడా.

అందరూ వుడ్స్ పద్ధతిలో కట్టనక్కర్లేదు. చిన్న గూటికి సూత్రం ఇది: గాలి దారులు కోళ్ల తలల కన్నా బాగా పైన ఉండాలి. వెచ్చని తేమగాలి తేలిక కనుక కప్పు దాకా లేచి, చూరు కింది కన్నాల గుండా బయటికి పోతుంది. కోళ్లు కూర్చొనే ఎత్తులో మాత్రం గోడలు బిగుతుగా ఉండాలి. కోళ్ల వీపు దగ్గర ఒక కాగితపు పీలిక వేలాడదీసి చూడండి. అది ఊగుతుంటే గాలి విసురు తగులుతోందని గుర్తు. కదలకుండా ఉండి, ఉదయం కిటికీ గాజు మీద మంచు పొర లేకపోతే గూడు బాగున్నట్టే. గాజు లోపలివైపు తెల్లగా పేరుకొంటే పైన ఇంకొంత తెరవాలి. థర్మామీటరు కన్నా ఈ గాజుపలకే నమ్మకమైన సాక్షి అని నా అభిప్రాయం.

కోళ్లు కూర్చొనే కర్ర సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లలో కోడి ఏ చెట్టుకొమ్మ మీదనో, గుండ్రని వాసం మీదనో వాలుతుంది. వేళ్లు కర్ర చుట్టూ బిగించి పడుకొంటుంది. గడ్డకట్టే చలిలో అలా బిగించిన వేళ్ల కొసలు ఈకల కప్పు నుంచి బయటికి ఉండిపోతాయి. అందుకని మంచు దేశాల్లో నాలుగంగుళాల వెడల్పు పలకను బల్లపరుపుగా అమరుస్తారు. పాదం చాపి దాని మీద పెట్టి, పైన రొమ్ము ఈకలు పరుచుకొని కూర్చొంటుంది. ఇనుప గొట్టం అసలే పనికిరాదు. లోహం ఉత్తమ ఉష్ణవాహకం కదా, వేళ్లలోని వేడినంతా లాగేస్తుంది.

ముక్కు చెప్పే సాక్ష్యం

తడికి తోడు మరొక అపాయం ఉంది. కోడి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి ఉంటే సూక్ష్మజీవులు దాన్ని విచ్ఛిన్నం చేసి అమ్మోనియాను విడుదల చేస్తాయి. ఈ వాయువు కళ్లను మండిస్తుంది. శ్వాసనాళంలో దుమ్మును, క్రిములను బయటికి తోసే సన్నని శైలికలను దెబ్బతీస్తుంది. ఆ తర్వాత ఏ చిన్న రోగమైనా కోడికి పెద్ద రోగమే. గాలిలో పది లక్షల పాళ్లలో 25 పాళ్లు మించకుండా చూడమని కోళ్ల నిపుణులు చెబుతారు. పెరటి గూటికి పరికరం అక్కర్లేదు. ఉదయం తలుపు తీయగానే వంగి, కోడి తల ఎత్తులో వాసన చూడాలి. నిలబడి చూస్తే చాలదు, ఎందుకంటే రెట్ట ఉన్నది కింద. అక్కడే కాసేపు ఉంటే మన ముక్కు ఆ వాసనకు అలవాటుపడి మోసం చేస్తుంది. మొదటి ఊపిరి సాక్ష్యాన్నే నమ్మాలి.

ఇది చదువుతూ మీలో కొందరు తలలు ఊపుతూ ఉండవచ్చు. మన జిల్లాల్లో కోళ్ల షెడ్లకు పక్కల జాలీ ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గోనెపట్టాలు దించుతారు. కొందరు పైనుంచి కిందిదాకా బిగించేస్తారు. తెల్లవారి లోపలికి వెళ్లిన మనిషికి కళ్ల నీళ్లు తిరుగుతాయి. మన చలి క్విబెక్ చలిలో పదో వంతు కూడా కాదు, కాని అమ్మోనియా పుట్టే పద్ధతి ఒక్కటే. పైన జానెడు సందు వదిలితే అక్కడైనా ఇక్కడైనా అదే మందు.

నేల మీద పరిచే పొట్టు విషయంలో మనం ఊక వాడినట్టే వాళ్లు చిత్రిక పట్టిన చెక్కపొట్టు వాడతారు. శీతకాలమంతా పాత పొట్టు తీయకుండా, పైపైన కొత్తది పోస్తూ అరడుగు మందం దాటనిస్తారు. అడుగున అది మెల్లగా ఎరువుగా మారుతూ కొద్దిగా వేడిని కూడా ఇస్తుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఉండ కట్టకూడదు. ఉండ కట్టిందంటే తడి ఎక్కువైందన్నమాట.

వేడి దీపం కథ

ఇక బల్బు దగ్గరికి వద్దాం. 250 వాట్ల ఎర్రని వేడి దీపాలు అంగళ్లలో దొరుకుతాయి. గూడంటే ఏమిటి? ఎండిన పొట్టు, ఎండిన చెక్క, గాలిలో ఈకల దుమ్ము, చీకట్లో ఉలిక్కిపడి ఎగిరే కోళ్లు. అందులో ఒక గొలుసుకు వేలాడుతున్న, ముట్టుకొంటే చేయి కాలే దీపం. గొలుసు ఊడినా, కోడి రెక్క తగిలి దీపం పొట్టులో పడినా నిమిషాల్లో గూడు అంటుకొంటుంది. చలి దేశాల్లో శీతకాలపు కోళ్ల గూళ్ల అగ్నిప్రమాదాలకు ఈ దీపం పేరుమోసిన కారణం. గూడు ఇంటికి ఆనుకొని ఉంటే ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకూ ముప్పే.

రెండో సంగతి మరీ ఆలోచించవలసినది. చలి క్రమంగా పెరుగుతూ వస్తే కోడి శరదృతువులో కొత్త ఈకలు దట్టంగా వేసుకొని, తిండి పెంచుకొని దానికి సిద్ధపడుతుంది. దీపం కింద పెరిగిన కోడికి ఆ అలవాటు తక్కువ. 1998 జనవరిలో క్విబెక్‌లో గడ్డకట్టే వాన రోజుల తరబడి కురిసింది. మంచు బరువుకు కరెంటు స్తంభాలు, పెద్ద పెద్ద టవర్లు సైతం కూలిపోయాయి. లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది. కొన్ని చోట్ల వారాల తరబడి రాలేదు. అలాంటి రాత్రి దీపానికి అలవాటుపడ్డ కోళ్ల గూటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఇరవై, ముప్పై డిగ్రీలు పడిపోతుంది. చలికి అలవాటుపడ్డ కోళ్లకు మాత్రం అది ఇంకొక రాత్రి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, మరిచిపోకూడదు. ఇదంతా ఈకలు నిండిన పెద్ద కోళ్ల సంగతి. పిల్లలకు ఒంటి మీద నూగే ఉంటుంది. వాటికి మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాల్సిందే. తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకొంటూ రావాలి. అందుకే తెలివైనవాళ్లు మంచు దేశంలో వసంతంలోనే పిల్లలను పొదిగిస్తారు.

నీళ్ల కుండ రెండు విధాల తలనొప్పి. లోపల పెడితే ఒలికి తేమ పెంచుతుంది, బయట పెడితే గడ్డకడుతుంది. కోళ్లు చీకట్లో నీళ్లు తాగవు గనుక రాత్రి గూట్లో నీరు అవసరమే లేదు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు బయట పోయడం, మధ్యాహ్నం మళ్లీ మార్చడం చవకైన పద్ధతి. నల్లని రబ్బరు తొట్టి అయితే ఎండ వేడిని పీల్చుకొంటుంది, గడ్డకట్టినా తిరగేసి తొక్కితే పగలకుండా మంచును వదిలేస్తుంది. నీళ్లు అందకపోతే కోడి మేత కూడా మానేస్తుంది. మేత లేకపోతే ఆ 10 వాట్ల హీటరు నడవదు. సాయంత్రం పడుకోబోయే ముందు గుప్పెడు మొక్కజొన్నలు చల్లడం అక్కడి ఆచారం.

దొంగల గురించి కూడా రెండు మాటలు. మంచు కాలంలో నక్కకు, రాకూన్‌కు, ముంగిసను పోలిన వీజిల్‌కు ఆకలి ఎక్కువ. రాకూన్ చేతివేళ్లతో మామూలు గడియ తీసేస్తుంది. వీజిల్ అంగుళం కంతలో నుంచి దూరిపోతుంది. కాబట్టి మనం తెరిచి ఉంచమన్న ప్రతి కన్నానికీ అరంగుళం గళ్ల గట్టి ఇనుప జల్లెడ బిగించాలి. సన్నతీగ కోళ్ల జాలీ కోళ్లను లోపల ఆపుతుందే గాని దొంగను బయట ఆపదు. కోళ్లు తిరిగే ఆవరణకు కప్పు వేస్తే మంచూ పడదు, అడవి పక్షుల రెట్టా పడదు. 2021 డిసెంబరులో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో బర్డ్ ఫ్లూ బయటపడిన తర్వాత ఈ రెండో లాభానికి విలువ పెరిగింది.

ఇంట్లో చేసి చూడండి

ఒకే రకం చిన్న సీసాలు మూడు తీసుకోండి. పెద్దవాళ్ల సాయంతో మూడింట్లోనూ ఒకే మట్టానికి వేడి నీళ్లు పోసి మూతలు పెట్టండి. ఒకదానికి పొడి దూది మందంగా చుట్టండి. రెండోదానికి అంతే దూదిని తడిపి పిండి చుట్టండి. మూడోదానికి పొడి దూది చుట్టి ఫ్యాను గాలి నేరుగా తగిలేచోట పెట్టండి. ఐదేసి నిమిషాలకు ఒకసారి థర్మామీటరుతో మూడింటి ఉష్ణోగ్రతలు కొలిచి, గ్రాఫు కాగితం మీద గీయండి. ఏ సీసా ముందు చల్లారిందో, తడి దూది విషయంలో ఉష్ణవహనానికి తోడు బాష్పీభవనం ఎంత పని చేసిందో గుర్తించండి.

ఇక మీకొక లెక్క. గూడు పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 2 మీటర్లు. లోపల ఆరు కోళ్లు. బయట మైనస్ 20, లోపల మైనస్ 10 డిగ్రీలు. రాత్రి పద్నాలుగు గంటల్లో 150 గ్రాముల నీరు ఆవిరిగా మారింది. పైన ఇచ్చిన అంకెలను వాడి, గూట్లోని గాలి ఎన్నిసార్లు మారాలో కనుక్కోండి. (జవాబు: దాదాపు 14 సార్లు, అంటే గంటకొకసారి.) మొదటి గూటిలో కోడికి 25 గ్రాముల ఆవిరి, ఇక్కడా 25 గ్రాములే. అయినా చలి పెరిగేసరికి కోడికి కావలసిన గాలి 10 ఘనమీటర్ల నుంచి 19కి ఎందుకు పెరిగిందో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.